లోపల వదిలిన గుడ్డ

మా వీధి చివర జాకెట్లు కుట్టే అమ్మాయి దగ్గర ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంది. అందులో నా పేరు మీద ఉన్న పేజీలు తిరగేస్తే నా పదేళ్ళ వైద్య చరిత్ర మొత్తం తెలిసిపోతుంది. మామూలుగా ఆడవాళ్ళు ఒక ఆది జాకెట్టు ఇచ్చి అయిదారేళ్ళపాటు దానితోనే కుట్టించుకుంటారు. నాకు మాత్రం 2015 ఆగస్టు నుంచి 2017 ఫిబ్రవరి వరకు, అంటే ఏడాదిన్నరలో, ఆది జాకెట్టు ఆరుసార్లు మారింది. ఛాతీ, నడుము, భుజం కొలతలను ఒకదాని తరువాత ఒకటి కొట్టివేసి పక్కన కొత్తవి రాసుకుంటూ వచ్చిన ఆ అమ్మాయికి చేతి చుట్టుకొలత దగ్గర మాత్రం చిక్కు వచ్చి పడేది. టేపు బిగించి కొలిస్తే ఒక అంకె వచ్చేది, కిందికి వేలాడే చర్మాన్ని కూడా కలుపుకుని కొలిస్తే మరొక అంకె వచ్చేది. ‘ఏది రాసుకోమంటారక్కా?’ అని ఆమె మొదటిసారి అడిగిన రోజున నా దగ్గర జవాబు లేదు.

నేను ఏలూరులో ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. బరువు తగ్గడానికి చేయించుకున్న ఆపరేషన్ నాటికి నా వయసు 38 ఏళ్ళు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు. ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే బీఎంఐ అంకె 47 దాటింది. షుగరుకు రెండు రకాల మాత్రలు, బీపీకి ఒకటి వేసుకునేదాన్ని. రాత్రిపూట గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేచేదాన్ని. మేడ మీది తొమ్మిదో తరగతి గదికి వెళ్ళడానికి మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగి, పిల్లలకు అనుమానం రాకుండా కాగితాలు సర్దుకుంటున్నట్లు నటించేదాన్ని. హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకున్నాను. చేయించుకోవాలా వద్దా అనే చర్చ, మొదటి నెలలో తాగిన పప్పుకట్టు, మూడో నెలలో దువ్వెనకు చుట్టలుగా వచ్చిన జుట్టు, వీటి గురించి చాలామంది రాశారు. ఆ గోల అంతా సద్దుమణిగాక మిగిలే బతుకు గురించి, అంటే అయిదో ఏడు, ఎనిమిదో ఏడు, పదో ఏడు ఎలా ఉంటాయన్న దాని గురించి రాసినవారు తక్కువ కాబట్టి నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

నాకు చేసినది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. స్లీవ్ అంటే జాకెట్టు చెయ్యి. పొట్ట సంచిలో నాలుగింట మూడొంతులకు పైగా భాగాన్ని కోసి తీసేసి, మిగిలినదాన్ని స్టేపుల్ కుట్లతో సన్నటి గొట్టంలా మిగులుస్తారు. లోపలా కుట్టుపనే, బయటా కుట్టుపనే అని ఆ రోజుల్లో మావారితో అని నవ్వుకునేదాన్ని. తీసేసిన ఆ పైభాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారవుతుందట. దాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనిపెట్టారు. అందువల్ల మొదటి ఏడాది ఆకలి అన్న మాటే మరిచిపోయాను. గడియారం చూసుకుని, ఎవరో చెప్పిన పని చేసినట్లు తినేదాన్ని. అదంతా నా నిగ్రహమేనని నమ్మడం ఆ కాలంలో నేను చేసిన పెద్ద పొరపాటు. మూడో ఏడాది ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూంలో ఒక సహోద్యోగిని క్యారేజీ మూత తీయగానే ఇంగువ పులిహోర వాసనకు నా కడుపులో పేగులు అరిచాయి. పక్కవాళ్ళకు కూడా వినిపించింది. వాళ్ళు నవ్వారు కాని నాకు మాత్రం గుండె జారిపోయింది, ఎందుకంటే నా నిగ్రహం అని నేను అనుకున్నది నిజానికి హార్మోను ఇచ్చిన సెలవు మాత్రమేనని, ఆ సెలవు అయిపోయిందని ఆ క్షణంలో తెలిసివచ్చింది.

చర్మం విషయానికి వస్తే, అది గణితం చెప్పేవాళ్ళకు తేలికగా అర్థమయ్యే సమస్య. గాలి తీసిన బుడగ ముడుచుకుంటుంది కాని దాని రబ్బరు ఎక్కడికీ పోదు. ఒంట్లోని కొవ్వు కరిగితే ఘనపరిమాణం తగ్గుతుంది, ఉపరితల వైశాల్యం మాత్రం ఆ మేరకు తగ్గడానికి ఒప్పుకోదు. చర్మం లోపలి పొరలో బిగువును ఇచ్చే కొల్లాజెన్, సాగి మళ్ళీ వెనక్కి రాగలిగే ఎలాస్టిన్ అనే పీచుల్లాంటి ప్రోటీన్లు ఉంటాయి. ఏళ్ళ తరబడి లాగబడి ఉన్న ఆ పీచులు పూర్వపు అల్లికలోకి తిరిగి రాలేవు. వయసు, ఎన్నేళ్ళు లావుగా ఉన్నాం, ఎన్ని కిలోలు తగ్గాం, పొగ తాగే అలవాటు ఉందా, ఇంట్లో పెద్దల చర్మం ఎలాంటిది అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. ఇరవై ఏళ్ళ అమ్మాయికి కొంత వెనక్కి ముడుచుకోవచ్చు. ఇద్దరు పిల్లల్ని కని, పద్దెనిమిదేళ్ళు వంద కిలోలకు పైన గడిపిన నాలాంటి వారికి ఆ ఆశ తక్కువ. చర్మం బిగించే క్రీములని అమ్మేవాటి మీద నేను రెండేళ్ళలో తగలేసిన డబ్బుతో ఒక మంచి గద్వాల చీర వచ్చేది. వ్యాయామం వల్ల చర్మం కింద కండ పెరిగి కొంత నిండుగా కనిపిస్తుంది తప్ప, మిగిలిపోయిన చర్మాన్ని అది లోపలికి లాక్కోలేదు.

చర్మం వేలాడడం అనే మాట చదివేవారికి ఏదో ఒక చోట జరిగే సంగతిలా తోస్తుంది. నిజానికి అది ఒళ్ళంతా రకరకాలుగా ఉంటుంది. మెడ కింద సన్నగా ముడతలు పడుతుంది. వీపు మీద జాకెట్టు అంచు దిగువన రెండు మడతలై కూర్చుంటుంది. తొడల లోపలి వైపు నడిచినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తుంది. పొట్ట దగ్గర ఏప్రన్‌లా కిందికి దిగుతుంది. చీర కట్టుకునేవాళ్ళకు ఉన్న సౌకర్యం ఏమిటంటే, కుచ్చిళ్ళు పొట్టను, పైట వీపును కాపాడతాయి. చేతులను మాత్రం ఏదీ కాపాడదు. నల్లబల్ల మీద పైవరుసలో రాయాలంటే చెయ్యి ఎత్తాలి. ఎత్తినప్పుడు భుజం నుంచి మోచేయి వరకు ఉన్న చర్మం కిందికి జారి, సుద్దముక్క కదిలినప్పుడల్లా ఊగేది. ఒకసారి ఆరో తరగతిలో భిన్నాలు చెబుతుండగా ముందు బెంచీలో కూర్చునే ఒక పిల్ల లేచి, ‘టీచర్, మీ చేతికి నొప్పి పుడుతుందా?’ అని అడిగింది. ఆ గొంతులో వెటకారం లేదు. లేదమ్మా అని చెప్పి లెక్క పూర్తి చేశాను. ఆ సాయంత్రమే వెళ్ళి మోచేతుల దాకా చేతులున్న జాకెట్లు నాలుగు కుట్టమని ఇచ్చాను.

అందం సంగతి నలుగురికీ కనబడేది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. నన్ను ఎక్కువ బాధపెట్టినది మడతల్లోని పుండు. మా వైపు మే నెలలో ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ చంపుతుంది. బొడ్డు కింది నుంచి జారిన చర్మం తొడల పైభాగాన్ని తాకుతూ ఉంటే, ఆ మడతలోకి గాలి వెళ్ళదు, చెమట ఆరదు, చర్మాన్ని చర్మమే ఒరుసుకుంటూ ఉంటుంది. మొదటి రోజున ఒక ఎర్రటి గీత కనిపిస్తుంది. రెండో రోజుకు మంట పుడుతుంది. నాలుగో రోజుకు ఆ చోటు తెల్లగా నాని, పగిలి, పుల్లటి వాసన వేస్తుంది. ఆ తడిలో శిలీంధ్రం చేరిందంటే చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. 2017 వేసవిలో పదో తరగతి మూల్యాంకనానికి వెళ్ళి, మధ్యాహ్నం దాకా కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్ది, లేవబోయేసరికి మడత దగ్గర చర్మం లంగా బొందుకు అంటుకుపోయి ఊడి వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్నావిడ ‘ఏమైంది మేడం?’ అంటే కాలు తిమ్మిరెక్కిందని చెప్పాను.

ఆ రోజుల్లో మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఒక ట్యూబు రాసుకుంటే మూడు రోజుల్లో మాయమైనట్లు కనిపించి, ఆపగానే రెట్టింపుగా వచ్చేది. చర్మ వైద్యురాలికి చూపిస్తే ఆమె ఆ ట్యూబు వెనుక రాసినది చదివి, అందులో శిలీంధ్రాన్ని చంపే మందుతో పాటు గట్టి స్టెరాయిడ్ కలిసి ఉందని, అది మంటను అణచిపెడుతూ లోపల జబ్బును మేపుతుందని, మడతల్లో నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుందని చెప్పి నన్ను గట్టిగానే మందలించారు. అప్పటి నుంచి నేను పాటించిన పద్ధతి చాలా సాదాది. స్నానం అయ్యాక మడతను ఎత్తి, రుద్దకుండా అద్ది తుడుచుకుని, హెయిర్ డ్రయ్యర్‌ను చల్లగాలి మీద పెట్టి పూర్తిగా ఆరబెట్టుకోవడం. ఎర్రబడితే వైద్యులు రాసిచ్చిన, శిలీంధ్రాన్ని చంపే క్లోట్రిమజోల్ మాత్రమే, చెప్పినన్ని రోజులు రాయడం. మిగతా రోజుల్లో జింక్ ఆక్సైడ్ పూత పలచగా వేసుకోవడం. వాటన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడినది మా అత్తయ్య గారి పాత నేత చీర. బాగా ఉతికి మెత్తబడిన ఆ చీరను జానెడు వెడల్పు పట్టీలుగా చింపి, మడతలో ఒకటి పెట్టుకుని, బడిలో మధ్యాహ్నం ఒకసారి మార్చుకునేదాన్ని. సువాసన పౌడర్లు చెమటతో కలిసి పిండిలా ముద్ద కట్టి ఒరిపిడిని పెంచుతాయి కాబట్టి వాటిని మానేశాను.

పట్టీలు పెట్టుకుంటూ రెండు వేసవులు నెట్టుకొచ్చాక, 2019 జనవరిలో పొట్ట చర్మం తీయించుకున్నాను. బేరియాట్రిక్, అంటే బరువు తగ్గించే ఆపరేషన్ అయ్యాక కనీసం ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగి, బరువు కొన్ని నెలలపాటు ఒకేచోట నిలిచాకే ప్లాస్టిక్ సర్జన్లు దీనికి ఒప్పుకుంటారు. నేను వెళ్ళిన సర్జన్ ముందుగా నా హిమోగ్లోబిన్, ప్రోటీను పరీక్షలు చూసి, మూడు నెలలు సరిగ్గా తిని రమ్మని వెనక్కి పంపారు. తిండి చాలనివారికి ఇంత పొడుగు గాయం సరిగ్గా మానదట. బీమా సంస్థ దీన్ని అందం కోసం చేసే చికిత్స కింద లెక్కకట్టి డబ్బు ఇవ్వనన్నది. పుండ్ల ఫోటోలు గాని, చర్మ వైద్యురాలి చీటీలు గాని వరుసగా దాచిపెట్టుకోకపోవడం నా తప్పు. ఆ తరువాత అన్ని పాలసీలకూ ఒకే రకంగా వచ్చిన నిబంధనల్లో, ఆరోగ్యానికి ప్రత్యక్షమైన, తక్షణమైన ప్రమాదాన్ని తొలగించడానికి అవసరమని వైద్యుడు ధ్రువీకరిస్తే ప్లాస్టిక్ సర్జరీకి మినహాయింపు ఉంది. అందుచేత ఈ బాధ ఉన్నవారు మొదటి పుండు నాటి నుంచే తేదీలతో సహా కాగితాలు దాచుకోవడం మంచిది.

కోత ఒక తుంటి ఎముక నుంచి రెండో తుంటి ఎముక దాకా సాగింది. తీసిన చర్మం, కొవ్వు కలిపి 2.6 కిలోలు తూగాయి. మొదటి వారం నడుము నిటారుగా నిలపలేక, కుట్లు లాగుతుంటే మా నాయనమ్మలా వంగి గోడ పట్టుకుని నడిచాను. రెండు వైపులా రెండు సన్నటి గొట్టాలు, వాటి చివర దానిమ్మకాయంత రబ్బరు బుడ్లు వేలాడుతూ ఉండేవి. ప్రతి ఉదయం వాటిలో చేరిన ఎర్రటి నీటిని కొలపాత్రలో పోసి, ఎన్ని మిల్లీలీటర్లో రాసి పెట్టే పని మా పెద్దమ్మాయిది; రోజుకు 30కి తగ్గాక, తొమ్మిదో రోజున గొట్టాలు తీసేశారు. అయినా చర్మం కింద మళ్ళీ నీరు చేరితే రెండుసార్లు సూదితో లాగవలసి వచ్చింది. ఆరు వారాలు బెల్టు బిగించుకుని ఉన్నాను. మచ్చ మొదట్లో వంకాయ రంగులో ఉబ్బెత్తుగా ఉండి, రెండేళ్ళకు గోధుమ గీతగా మారింది. బొడ్డు దిగువన అరచేయంత మేర ఈనాటికీ స్పర్శ లేదు. వేడి నీళ్ళు పోసుకునేటప్పుడు ఆ చోట కాలినా తెలియదు కాబట్టి ముందు చేత్తో చూసుకుంటాను. ఇన్ని చెప్పినా, ఆ ఏడాది మే నెలలో మడత లేని పొట్ట మీద ఫ్యాను గాలి తగిలిన మొదటి మధ్యాహ్నం నాకు కలిగిన హాయిని నేను తక్కువ చేసి చెప్పలేను.

చేతుల జోలికి మాత్రం వెళ్ళలేదు. చంక నుంచి మోచేయి దాకా లోపలి వైపు పొడుగు మచ్చ పడుతుందని, అక్కడి మచ్చలు త్వరగా పలచబడవని సర్జన్ ముందే చెప్పారు. చేతుల దగ్గర నాకు పుండ్లు రావు, నొప్పి లేదు. ఉన్నదల్లా చూసేవారి చూపు. ఆ చూపు కోసం మళ్ళీ మత్తు, మళ్ళీ గొట్టాలు అంటే మనసు ఒప్పలేదు. డబ్బు కూడా అదే సమయానికి పెద్దమ్మాయి ఇంజనీరింగు ఫీజుకు కావలసి వచ్చింది. మనసు ఒప్పలేదా, డబ్బు లేక ఒప్పించుకున్నానా అని నిలదీస్తే ఖచ్చితంగా చెప్పలేను.

ఇక బరువు. నా అతి తక్కువ బరువు 2017 ఫిబ్రవరిలో 67 కిలోలు. 118 నుంచి 51 తగ్గడం, అంటే 43 శాతం. ఆ అంకె మీదే జీవితాంతం ఉంటాననుకున్నాను. స్వీడన్‌లో 1987లో మొదలై ఏళ్ళ తరబడి సాగిన ఒక అధ్యయనంలో, గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి, తిండి దారిని పేగులోకి మళ్ళించే ఆపరేషన్) చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గి, పదేళ్ళు గడిచేసరికి 25 శాతం దగ్గర ఉన్నారు. నాది వేరే రకం ఆపరేషన్ అయినా వక్రరేఖ ఆకారం మాత్రం అదే: నిలువుగా దిగడం, అడుగున కాసేపు ఆగడం, తరువాత మెల్లగా పైకి లేవడం. దీన్ని ఎవరైనా నాకు ముందే గ్రాఫు గీసి చూపించి ఉంటే, 70 కిలోలు చూసిన రోజున నేను అంత కుంగిపోయేదాన్ని కాదు. చిన్నదైన శరీరానికి తక్కువ తిండి చాలు. పైగా బరువు తగ్గిన ఒళ్ళు లెక్క ప్రకారం ఖర్చు పెట్టవలసిన దానికంటే కూడా పొదుపుగా ఖర్చు పెడుతుంది. పాత బరువును అది తన సొంత ఊరులా గుర్తుపెట్టుకుని, సందు దొరికితే అటే బయలుదేరుతుంది.

నాకు ఆ సందు 2020లో, బడులు మూతపడిన నెలల్లో దొరికింది. చిన్న పొట్ట మోసం చేయదని చాలామంది నమ్ముతారు. కాని ఆ గొట్టం ఘనపదార్థాలను అడ్డుకున్నంతగా జారిపోయేవాటిని అడ్డుకోదు. కోడికూర మూడు ముక్కలు నమిలేసరికి ఇక చాలని గట్టిగా చెప్పే పొట్ట, జంతికల డబ్బా దగ్గరకు వచ్చేసరికి నోరు మెదపదు. జంతిక నోట్లోనే పొడి అయి, టీతో కలిసి జారిపోతుంది. అరగంటకు మళ్ళీ చోటు ఖాళీ. అలా పగలంతా ఆన్‌లైన్ పాఠాలు, చేతి పక్కన డబ్బా, గంటకో కప్పు టీ. వేసవిలో నూజివీడు చిన్న రసాలు బుట్టతో ఇంటికి వచ్చాయి. పిండుకుని తాగే పండుకు పొట్ట పరిమాణంతో పని లేదు. మార్చిలో 70 ఉన్నదాన్ని మరుసటి జనవరికి 79కి చేరాను. పళ్ళెంలో అన్నం మాత్రం అప్పటికీ పిడికెడే. అందుకే ఇంట్లోవాళ్ళకు గాని, నాకు గాని అర్థం కాలేదు.

అక్కడి నుంచి 74కి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఈసారి సహాయానికి హార్మోను సెలవు లేదు. బీరువా తలుపు లోపలి వైపు ఒక గ్రాఫు కాగితం అంటించాను. ప్రతి ఆదివారం ఉదయం తూకం వేసుకుని ఒక చుక్క పెడతాను. వారం లోపల ఎన్నిసార్లు చూసుకున్నా అది నీరు, ఉప్పు, మలబద్ధకం చెప్పే కబుర్లే కాబట్టి చూడను. 75 దగ్గర ఒక ఎర్ర గీత ఉంది. చుక్క ఆ గీత దాటితే పండుగ అయ్యాక చూద్దాం, పెళ్ళి అయ్యాక చూద్దాం అనుకోకుండా ఆ సోమవారమే తిండి దారిలో పెడతాను. ఒకటిన్నర కిలోను దించడం ఒక నెల పని, అయిదు కిలోలను దించడం ఏడాది పైన పని అని నాకు అనుభవం మీద తెలిసింది. తినేటప్పుడు ముందు గుడ్డు, కొర్రమీను ముక్క, పెసరట్టు, గట్టి పప్పు, పెరుగు ఇలా ప్రోటీను ఉన్నవి తిని, చోటు మిగిలితేనే అన్నం. రోజుకు అరవై గ్రాములకు తగ్గకుండా ప్రోటీను తినమన్నారు. గుడ్డుకు ఆరు గ్రాముల చొప్పున లెక్క వేసుకుంటూ పోతే, శాకాహారం ఉండే రోజుల్లో అది ఎంత కష్టమో తెలుస్తుంది. అన్నం తింటూ నీళ్ళు తాగను, తిన్న అరగంటకు తాగుతాను. ఈ ఒక్క నియమం తప్పితే తిన్నది కడుక్కుపోయి మళ్ళీ ఆకలేస్తుంది. జంతికలు ఇంట్లో చేయడం మానలేదు, డబ్బా మాత్రం అటక మీద ఉంటుంది. వారానికి మూడు రోజులు అయిదేసి కిలోల డంబెల్సు ఎత్తుతాను, గుంజిళ్ళ లాంటి బైఠకులు తీస్తాను. నడక ఊపిరికి మంచిదే గాని కండను నిలబెట్టేది బరువులేనని, కండ ఉంటేనే కూర్చున్నా కాస్త ఖర్చు అవుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది. పరుగెత్తను, తొడల చర్మం ఊగి కొట్టుకుంటుంది. చుడీదారు కింద బిగుతైన లెగ్గింగ్ వేసుకుని గబగబా నడుస్తాను.

మాత్రల విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మూడో ఏడాది అంతా బాగుందన్న ధీమాతో విటమిన్లు ఆపేశాను. కోసేసిన పొట్టభాగంతో పాటు బి12ను ఒంటికి పట్టించే పదార్థం తయారీ కూడా తగ్గుతుంది. అయితే కాలేయంలో దాని నిల్వ ఏళ్ళకు సరిపడా ఉంటుంది కాబట్టి ఆపిన వెంటనే ఏమీ కాదు. ఏడాదిన్నర తరువాత అరికాళ్ళలో చీమలు పాకినట్లు మొదలైంది, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. షుగరు వల్ల వచ్చిన నరాల జబ్బు అనుకుని భయపడ్డాను, పరీక్షలో బి12 అడుగంటిపోయిందని తేలింది. ఇంజక్షన్లతో చాలావరకు తగ్గింది, ఎడమ బొటనవేలి దగ్గర మొద్దుబారడం మాత్రం మిగిలిపోయింది. ఇప్పుడు ప్రతి ఏటా హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, బి12, విటమిన్ డి, కాల్షియం, కాల్షియాన్ని అదుపు చేసే పీటీహెచ్ అనే హార్మోన్ పరీక్షలు చేయించుకుంటాను. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి వేసుకుంటే ఒకదానికొకటి అడ్డుపడతాయి కాబట్టి ఒకటి ఉదయం, ఒకటి రాత్రి. ఐరన్ మీద వెంటనే టీ తాగకూడదు; నాకు ఇదే అన్నిటికంటే కష్టమైన పథ్యం. గుండెల్లో మంట స్లీవ్ చేయించుకున్నవారిలో చాలామందికి వస్తుంది, నాకూ ఉంది. రాత్రి ఏడున్నర తరువాత ఏమీ తినను, మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టుకున్నాను.

చుట్టాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదటి ఏడాది అందరూ మెచ్చుకున్నారు, రెండో ఏడాది ముఖం పీక్కుపోయిందని జాలిపడ్డారు. ఒక పెళ్ళిలో దూరపు పెద్దమ్మ ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, ‘ఏమ్మా, పెద్ద జబ్బేమన్నా చేసిందా, దాచకుండా చెప్పు’ అని అడిగింది. ఆపరేషన్ చేయించుకున్నావు కదా, ఇంకా పథ్యం ఎందుకని కొందరు, ఆపరేషన్ చేయించుకుని కూడా మళ్ళీ ఒళ్ళు చేశావేమని మరికొందరు అంటారు. ఈ రెండు ప్రశ్నలూ వేసేవారు తరచుగా ఒకరే. పంక్తిలో కూర్చున్నప్పుడు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టడం నేర్చుకున్నాను. బూరె మీద నెయ్యి వేయబోయే చేతిని ఆపడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అక్కడ వడ్డించేవారి ప్రేమ కూడా ఉంటుంది. ఎనిమిదో ఏడు వచ్చేసరికి ఎవరూ ఏమీ అనడం లేదు. బరువు తగ్గేవారిని చూడడానికి లోకానికి సరదా, బరువు నిలుపుకునేవారిలో చూడడానికి ఏముంది?

మావారు ఈ విషయంలో పెద్దగా మాటలు చెప్పలేదు. పొట్ట చర్మం తీయించుకునే ముందు రెండేళ్ళు నేను దీపం ఆర్పనిదే చీర మార్చుకునేదాన్ని కాదు. ఒకనాటి రాత్రి మడతలో పట్టీ సరిగ్గా పెట్టుకోలేక అవస్థ పడుతుంటే ఆయనే లేచి లైటు వేసి, కళ్ళజోడు పెట్టుకుని, పాఠం చదివేవాడిలా శ్రద్ధగా చూసి పెట్టి, మళ్ళీ వెళ్ళి పడుకున్నారు. ఆ తరువాత దీపం సంగతి మా మధ్య రాలేదు.

పోయిన ఆదివారం చుక్క 74.2 దగ్గర పడింది. మేనకోడలి పెళ్ళికి పట్టుచీర జాకెట్టు ఇవ్వడానికి సాయంత్రం ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. చేతి కొలత ఏది రాయాలని ఆమె ఇప్పుడు అడగదు. చెయ్యి చాపమని, చర్మాన్ని పూర్తిగా లోపలికి తీసుకుని టేపు తిప్పి, దానికి పావు అంగుళం కలిపి రాసుకుంటుంది. ఆది జాకెట్టు కూడా నాలుగేళ్ళుగా మారలేదు, అదే పాత ఆకుపచ్చది. కొలతలన్నీ అయ్యాక పెన్ను పుస్తకం మీద పెట్టి, ‘పట్టుగుడ్డ కదక్కా, లోపల ఎక్కువ వదిలితే కుట్టు దగ్గర దళసరిగా కనబడుతుంది. మీ కొలత ఎటూ మారడం లేదు కదా, అర అంగుళం వదిలితే చాలా?’ అంది. నేను ఒక్క క్షణం ఆలోచించాను. ‘రెండు వేళ్ళు వదులమ్మా’ అన్నాను. ఆమె నవ్వి, కొలతల పక్కన ఎప్పటిలాగే రెండు నిలువు గీతలు గీసుకుంది.